గోడ మీద అరచెయ్యి

ఆ శబ్దం మొదటిసారి వినిపించినప్పుడు నేను రసానికి చింతపండు పిసుకుతున్నాను. కార్తీకమాసం, ఆదివారం, పగలు పదకొండు దాటింది. పక్క వీధిలో ఎవరో లారీ నిలిపి, ఇంజను కట్టేయకుండా టీ తాగడానికి పోయినట్టు, లోతుగా గుం... అని ఒకటే మోత. చెయ్యి ఆపి విన్నాను. కొళాయి కట్టేసి విన్నాను. లారీ అయితే ఎప్పుడో ఒకప్పుడు కదలాలి కదా. ఇది కదల్లేదు. వంటయింది, తిన్నాం, గిన్నెలు కడిగాను. అది అట్లాగే ఉంది.

ముందే చెప్పేస్తాను. ఆ శబ్దం ఎక్కణ్ణించి వచ్చిందో ఈ రోజుకీ నాకు తెలియదు. దాన్ని వెతుక్కుంటూ నేనూ నా భర్తా తిరుపతి వీధుల్లో నెలల తరబడి తిరిగాం. ఆ తిరుగుడులో ఆయన కాలు పోయింది. కాలు వెనకే ఆయనా పోయాడు. ముప్పయ్యేళ్లు బడిలో తెలుగు చెప్పి, పిల్లల వ్యాసాల్లో అనవసరమైన వాక్యాల కింద ఎర్ర సిరాతో గీతలు కొట్టినదాన్ని. ఈ కథలో ఏది అవసరమో ఏది అనవసరమో నాకే తేలడం లేదు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆయనది నగరి. ఇంటిని ఆనుకుని రేకుల షెడ్డు, అందులో నాలుగు మరమగ్గాలు. మా నాయన చిత్తూరు కోర్టులో గుమాస్తా, మా ఇంట్లో మగ్గం మాట తాతతోనే పోయింది. అందుకని పెళ్లయి నగరికి వచ్చిన మొదటి రోజు ఆ షెడ్డులో అడుగుపెట్టి చెవులు మూసుకుని బయటికి పరుగెత్తాను. ఆ రొదలో మాట మనిషికి చేరదు. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు కత్తెరలాగా ఆడిస్తే పోగు తెగిందని. గుప్పిడి నోటి దగ్గర పెడితే అన్నానికి రమ్మని. అరచెయ్యి కిందికి అదిమితే కరెంటు పోయిందని, అంతా ఆగిపోయిందని. అరచెయ్యి రొమ్ము మీద పెట్టుకుంటే మగ్గం ఆడుతోంది, నిమ్మళంగా ఉండమని. కొత్తలో నేను గొంతు చించుకుని అరిచేదాన్ని. ఆయన నా నోటి వంక చూసి నవ్వి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకునేవాడు. కొన్నాళ్లకు నాకూ ఆ భాష వచ్చేసింది. మేము పోట్లాడుకున్నదీ అందులోనే, సర్దుకున్నదీ అందులోనే.

మగ్గానికి ఏం జబ్బు చేసిందో ఆయన చెవితో కనుక్కునేవాడు కాదు. ఇనుప చట్రం మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. ఏ మర వదులైందో, పోగును అటూ ఇటూ మోసే నాడె ఎక్కడ తట్టుకుంటోందో ఆ చేతికి తెలిసిపోయేది. మధ్యాహ్నం షెడ్డు మూల చాప వేసుకుని పడుకున్నా పాదం సిమెంటు నేల మీద ఆనించి పడుకునేవాడు. మూడో మగ్గం తప్పుగా ఆడుతోందని ఆ పాదమే ఆయన్ను లేపేది. షెడ్డులోకి ఎవరూ చెప్పులతో రాకూడదు. లక్ష్మి ఉండే చోటని మిగిలినవాళ్లు అనేవాళ్లు. ఆయన కారణం వేరు.

"చెప్పులేసుకుంటే చెవుడొస్తాది" అనేవాడు.

చెప్పులు వేసుకోకపోయినా చెవుడు వచ్చింది. యాభై దాటేసరికి ఎదుట నిలబడి నోరు కదిలిస్తే తప్ప ఆయనకు మాట అందేది కాదు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావని అడిగాడట. ఆ సామెత ఆయనే తన మీద చెప్పుకుని పడీపడీ నవ్వేవాడు. నేను వంటింట్లో తిట్టుకుంటూ ఉంటే వెనక నుంచి వచ్చి, "ఏం కొరుకుతాండావుమే?" అనేవాడు.

అట్లాంటి మనిషి ఒకరోజు ఉన్నట్టుండి నాలుగు మగ్గాలూ పాత ఇనుము కింద తూకానికి వేసేశాడు. నూలు ధర అన్నాడు, చీర కొనేవాళ్లు లేరన్నాడు. అవన్నీ ఎప్పుడూ ఉన్నవే. చుట్టుపక్కల షెడ్లు ఆడుతూనే ఉన్నాయి. నేను ఊరుకోలేదు. నా నోరు చిన్నది కాదు. ఆయన ఎదుట నిలబడి, పెదవులు బాగా కదిలిస్తూ, ఒక్కొక్క అక్షరమూ చదువుకునేట్టు, "చేతకానోడివి నువ్వు" అన్నాను. ఆయన చదువుకున్నాడు. తన చేతుల వంక చూసుకున్నాడు.

అదే ఏడాది నాకు తిరుపతికి బదిలీ అయింది. ఒక ఇంట్లో కింద భాగం అద్దెకు తీసుకున్నాం. మాకు పిల్లలు లేరు. ఆయనకు ఇక్కడ పనీ లేదు, తెలిసినవాళ్లూ లేరు. నేను బడికి పోయేటప్పుడు గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు. వచ్చేసరికీ అదే గోడ, అదే వైపు. గడ్డం గీసుకోడు. పెట్టిన అన్నం సగం తిని చెయ్యి కడిగేస్తాడు. సుగరుకు మాత్రలు తెచ్చి అలమరలో పెట్టేదాన్ని. వేసుకుంటున్నాడో లేదో చూడలేదు. నాకు ఆయన మీద కోపం ఇంకా తీరలేదు.

ఆ రోజుల్లోనే శబ్దం మొదలైంది. ముందు ఫ్రిజ్ అనుకుని దాని తీగ పీకేశాను. తర్వాత మీటరు పెట్టె దగ్గరికి పోయి మెయినే దించేశాను. ఇల్లంతా చీకటి, ఫ్యాను ఆగింది, శబ్దం ఆగలేదు. పై భాగంలో ఉండే ఇంటి ఓనరమ్మను పిలిచి వినమన్నాను. ఆమె తల పక్కకు వంచి, ఊపిరి బిగబట్టి విన్నది.

"ఏమీ లేదుకదక్కా. బీపీ చూపించుకో" అన్నది.

వీధి చివర నీళ్ల ప్లాంటు ఉంది. ఆ ప్లాంటు అతణ్ణి బతిమాలితే నా పోరు పడలేక రెండు నిమిషాలు మిషన్లు ఆపాడు. శబ్దం ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పని చేస్తున్న లైన్‌మన్‌ను అడిగాను. "అది అరిస్తే ఊరంతా లేచి కూసుంటాదిమా, నీ ఒక్కదానికే ఏమిటికి వినపడతాది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. చెవుల డాక్టరు రెండు చెవులూ వెలుతురు పెట్టి చూసి, నా వయసుకు నా చెవులు బంగారం అన్నాడు. మనసు ప్రశాంతంగా ఉంచుకోమని బిళ్లలు రాశాడు.

బడిలో చెప్పుకున్నాను, అది ఇంకా తప్పయింది. తిరుపతిలో ఏది చెప్పినా దేవుడి దగ్గరికి పోయి ఆగుతుంది. "మా టీచరమ్మకు ఓంకారం వినపడతాందంట" అని నవ్వులాట. లెక్కల మేడం మాత్రం నవ్వలేదు. రెండు చేతులూ జోడించి, "అందరికీ వినపడదక్కా అది. మీరు అదృష్టవంతులు" అన్నది. అదృష్టం కాదు నా పిండాకూడు, అని మనసులో అనుకుని స్టాఫ్‌రూమ్ నుంచి లేచి వచ్చేశాను.

నా భయం వేరే. మా పెద్దమ్మకు కూడా ఇట్లాగే మొదలైంది. చిత్తూరులో మా ఇంటి వెనక గదిలో ఆమెను ఉంచేవాళ్లు. ఎవరికీ వినిపించనివి ఆమెకు వినిపించేవి. అన్నం పళ్లెం తలుపు కింద నుంచి నేనే తోసేదాన్ని, అప్పుడు నాకు పదేళ్లు. "వినపడలా నీకు? వినపడలా?" అని తలుపుకు అవతల నుంచి అడిగేది. నేను జవాబు చెప్పకుండా పరుగెత్తేదాన్ని. ఇప్పుడు యాభై ఏడేళ్ల వయసులో ఓనరమ్మనూ, లైన్‌మన్‌నూ పట్టుకుని నేను అడుగుతున్నది అదే మాట అని ఒక మధ్యాహ్నం తట్టింది. తట్టాక ఇక ఎవరినీ అడగలేదు.

ఆయనకు చెప్పాలని అసలు అనుకోలేదు. చెవిటి మనిషికి శబ్దం గురించి ఏం చెప్తాం? ఒకరోజు వంటింట్లో కూర్చుని ఏడుస్తుంటే నీళ్ల కోసం వచ్చి చూశాడు. ఏమైంది అని చెయ్యి తిప్పాడు. చెప్పాను. సగం పెదవులతో, సగం చేతులతో. మోటరు ఆడుతున్నట్టు, ఎప్పుడూ, ఆగకుండా, ఎవరికీ వినపడకుండా. పెద్దమ్మ సంగతి ఆయనకు తెలుసు. నా ముఖం చాలాసేపు చూశాడు.

తర్వాత గోడ దగ్గరికి పోయాడు. అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. మగ్గాలు పోయాక ఆయన అట్లా నిలబడటం అదే మొదలు. పరీక్ష పేపరు ఇచ్చే రోజు పిల్లలు టీచరు ఎదుట నిలబడినట్టు నేను నిలబడ్డాను. చాలాసేపు పట్టింది.

"ఉండాదిమే" అన్నాడు.

కళ్లు తెరిచి, ఆ చెయ్యి తీసి రొమ్ము మీద పెట్టుకున్నాడు. ఆడుతోంది, నిమ్మళంగా ఉండు, అని.

నా జన్మలో అంత ఏడుపు ఎప్పుడూ ఏడవలేదు. నాకు పిచ్చి లేదు. నగరిలో అందరికంటే నమ్మకమైన చెయ్యి అది, అది చెప్పింది. ఆ రోజు ఆయనకు పాయసం చేసి పెట్టాను. సుగరు మనిషికి పాయసమేమిటని కూడా తోచలేదు.

మర్నాటి నుంచి ఆయన మనిషే మారిపోయాడు. పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. పాత క్యాలెండరు కాగితం తిప్పి, వెనక తెల్లటి వైపు మా వీధి, పక్క వీధి, రైలుకట్ట, ఫ్లైఓవర్ స్తంభాలు పెన్సిలుతో గీశాడు. గేటు దగ్గర చెప్పులు విప్పేశాడు.

"చెప్పులేసుకుంటే యాడ వినపడతాది?" అన్నాడు.

నేను బడి నుంచి వచ్చాక సాయంత్రాలూ, ఆదివారాలూ ఇద్దరం కలిసి పోయేవాళ్లం. మిగిలిన రోజులు పగలు ఆయనే పోయేవాడు. సత్రాల గోడల మీద, స్తంభాల మీద, వంతెన రాళ్ల మీద అరచెయ్యి ఆనించేవాడు. నేల మీద పాదాలు గట్టిగా నిలిపి నిలబడేవాడు. నూలు గురించి చెప్పినట్టే చెప్పేవాడు. "ఈడ సన్నం. ఆ మలుపు కాడ లావు." లావున్న చోట క్యాలెండరు కాగితం మీద రెండు గీతలు, సన్నం ఉన్న చోట ఒక గీత. నాకు మాత్రం అన్ని చోట్లా ఒకేలాగా వినిపించేది. ఆయన చెయ్యి నా చెవికంటే చురుకు అనుకున్నాను.

ఇంకో ఊళ్లో అయితే ఒట్టి కాళ్లతో తిరుగుతూ గోడలు తడిమే ముసలాయనను పిల్లలు రాళ్లతో కొట్టి ఉండేవాళ్లు. తిరుపతిలో చెప్పుల్లేని కాళ్లను ఎవరు పట్టించుకుంటారు? కొండకు నడిచి పోయేవాళ్లూ, నడిచి దిగినవాళ్లూ, గుండు కొట్టించుకున్నవాళ్లూ వీధి నిండా ఉంటారు. "మొక్కుండాదా సామీ?" అని అడిగేవాళ్లు. ఆయనకు వినపడదు, ఏదడిగినా తల ఊపుతాడు. అంగళ్లవాళ్లు పిలిచి మజ్జిగ ఇచ్చేవాళ్లు. ఒకామె అరటిపండ్లు చేతిలో పెట్టి కాళ్లకు దండం పెట్టింది. ఆ కాళ్లకు. ఇంటికి వచ్చి అదంతా చేతులతో చేసి చూపించి నన్ను నవ్వించేవాడు. మా కాపురంలో ఆ మూడు నెలలంత బాగున్న రోజులు నాకు గుర్తు లేవు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ ఏడు చలితో పాటు నా శబ్దమూ పోయింది. ఆ రోజు ఉపవాసం ఉన్నాను. మిట్టమధ్యాహ్నం వసారాలో కూర్చుని ఉండగా పై రేకు మీద కాకి నడుస్తున్న చప్పుడు వినిపించింది. గోళ్లు రేకుకు తగిలే చప్పుడు. ఇంత చిన్న చప్పుడు వినిపిస్తోందేమిటి అనుకున్నాను. అప్పుడు తెలిసింది. గుం అనేది లేదు. లేచి ఇల్లంతా తిరిగాను, వీధిలోకి వచ్చి నిలబడ్డాను. ఎక్కడా లేదు.

ఆయనకు చెప్పడానికి లోపలికి పరుగెత్తాను. ఆయన నేల మీద క్యాలెండరు కాగితం పరుచుకుని, పెన్సిలు చెక్కుతున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి, "ఈ పొద్దు రైలుకట్ట అవతల సూస్తాము. ఆడనే ఉండాదని నాకు అనుమానం" అన్నాడు. ఆ ముఖంలో మూడు నెలల కిందటి గోడవైపు మనిషి లేడు.

నేను అరచెయ్యి కిందికి అదమాలి. ఆగిపోయింది అని. చెయ్యి లేచింది. లేచి నా రొమ్ము మీదికి పోయింది. ఆడుతోంది అన్నాను.

ఆయన మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటాడని భయపడ్డాను. అది నిజం. కానీ ఇంకో నిజం కూడా రాయాలి. ఓనరమ్మతో, నీళ్ల ప్లాంటు అతనితో, బడిలో అందరితో పోట్లాడినదాన్ని. శబ్దం ఉందని, మా ఆయన చేతికి కూడా తెలిసిందని వాళ్ల మొహాన చెప్పినదాన్ని. పోయింది, దొరక్కుండానే పోయింది, అంటే వాళ్లు ఏమంటారు? నా మాట నెగ్గాలి. అది నా పుట్టుబుద్ధి. ఆ రోజే చెప్పి ఉంటే ఆయన చెప్పులు తొడుక్కునేవాడు. ఎండలు ఇంకా ముదరలేదు.

చైత్రం వచ్చింది. పదో తరగతి పేపర్లు దిద్దడానికి నన్ను చిత్తూరుకు వేశారు. పొద్దున్నే బస్సు ఎక్కితే మళ్లీ దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరడం. పగలంతా ఆయన ఒక్కడే తిరిగేవాడు. తిరుపతి ఎండ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తారు మెత్తబడి చెప్పుకు అంటుకుంటుంది. గుడి వీధుల్లో కాళ్లు కాలకుండా గోనెపట్టాలు పరిచి నీళ్లు కొడతారు. మా వీధుల్లో ఎవరు పరుస్తారు? సాయంత్రం ఆయన పాదాలు తారుతో నల్లగా ఉండేవి. చూసి తిట్టాను. కొత్త చెప్పులు తెచ్చాను, మెత్తటి అట్టవి. "కాలడంలా నీకు?" అని అడిగాను.

"అలవాటైపోయిందిమే" అన్నాడు.

నమ్మాను. కొత్త చెప్పులు తలుపు పక్కన అట్లాగే ఉన్నాయి. నేను ఊరికే రొమ్ము మీద చెయ్యి పెడుతూ పోయాను, ఆయన కాగితం మీద గీతలు పెడుతూ పోయాడు. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోహిణి కార్తెలో కూడా ఆయన తిరగడానికి పోయాడు.

ఒకరోజు ఇంట్లో వాసన వచ్చింది. ఎలుక చచ్చిందనుకున్నాను. అలమర జరిపాను, బియ్యం డబ్బా వెనక చూశాను, మంచం కింద ఊడ్చాను. శబ్దాన్ని వెతికినట్టే మూలమూలా వెతికాను, రెండు రోజులు. మూడో రోజు ఆయన కుర్చీలో కూర్చుని నిద్రపోతుంటే కాలికి కట్టుకున్న గుడ్డ కనిపించింది. బొబ్బ అని చెప్పి కట్టుకున్నాడు, వారం నుంచి ఉంది. వంగి విప్పాను. వాసన అక్కడ దొరికింది. అరికాలి మాంసం నల్లబడి, మధ్యలో గుంట పడి, ఆ గుంటలో చెప్పుకు కొట్టే చిన్న మేకు ఉంది. నేను విప్పుతున్నా, ముట్టుకున్నా ఆయన నిద్ర లేవలేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల. మా బడిలో చదివిన పిల్లల వయసు. పుండు చూశాక రెండో కాలు మంచం మీద చాపమన్నది. ఒక పుల్లకు కట్టిన దారం తీసింది. గట్టిగా, పొట్టిగా ఉన్న ప్లాస్టిక్ దారం.

"ఇది తగిలినప్పుడంతా తగిలిందని చెప్పాల. అంతే తాతా" అన్నది. నేను చేతులతో ఆయనకు చెప్పాను.

ఆమె వేలి మీద దారం ఆనించింది. "ఆఁ" అన్నాడు. మడమ మీద ఆనించింది. "ఆఁ" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. డాక్టరమ్మ మాత్రం తల ఎత్తి ఆయన్ను చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆయన కాలివైపు చూడటం లేదు. నా ముఖం చూస్తున్నాడు. దారం తగిలినప్పుడల్లా నా కళ్లు అటు పోతున్నాయి. ఆయన అది చదువుకుని చెప్తున్నాడు.

డాక్టరమ్మ నన్ను ఆయన వెనకకు పోయి నిలబడమన్నది. ఆయన కళ్లు మూయించింది. దారం బొటనవేలి మీద ఆనించింది, పాదం మధ్యలో ఆనించింది, మడమ మీద వంగిపోయేదాకా నొక్కింది. ఆయన ఏమీ అనలేదు. ఎదురుచూస్తూ కూర్చున్నాడు. పోగు తెగితే నిద్రలో కూడా లేచిన మనిషి, ఒంటి మీద దారం ఆడుతుంటే ఇంకా ఎప్పుడు మొదలుపెడతారా అని కూర్చున్నాడు.

నా నోట్లో నుంచి మాట ఎట్లా వచ్చిందో తెలియదు. "చేతులు కూడా చూడమ్మా" అన్నాను.

ఆమె ఆయన కుడి అరచెయ్యి తిప్పింది. మధ్యలో ఆనించింది. వేళ్ల కొసల మీద, ఒక్కొక్కదాని మీద. ఎడమ చేతికీ అంతే. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు.

నేను ముందుకు వచ్చి ఆయన భుజం తట్టాను. కళ్లు తెరిచాడు. నా ముఖం చూడగానే అర్థమైంది ఆయనకు.

"ఎన్నాళ్లాయె?" అన్నాను.

"మగ్గాలు అమ్మకముందు నుంచి" అన్నాడు. "దానికే కదుమే అమ్మినాను. చెయ్యి పెడితే ఏమీ తెలీలా. చచ్చిన చెయ్యి. చెప్తే నువ్వు అగచాట్లు పడతావని గమ్మునుండినా."

చేతకానోడివి అన్నాను ఆ రోజు. ఆ మాటకు అర్థం ముప్పయ్యేళ్లు పిల్లలకు చెప్పినదాన్ని.

"మరి గోడ?" అన్నాను. "ఉండాదంటివే?"

ఆయన తల వంచుకుని, మొహమాటంగా నవ్వాడు. దొంగతనంగా బెల్లం తిని దొరికిన పిల్లవాడి నవ్వు. డాక్టరమ్మకు మేమేం మాట్లాడుకుంటున్నామో తెలియలేదు. గోడ ఏమిటమ్మా అని అడిగింది. ఏమీ లేదన్నాను.

ముందు రెండు వేళ్లు తీశారు. తర్వాత పాదం. తర్వాత మోకాలి కింది దాకా. ప్రతిసారీ ఇంతటితో ఆగుతుందన్నారు. ఒంట్లో విషం పాకింది, జ్వరం దిగలేదు. చీమును శుభ్రం చేస్తుంటే పక్క మంచాలవాళ్లు ముక్కు మూసుకుని ముఖాలు తిప్పుకునేవాళ్లు. ఆయనకు నొప్పి తెలియకపోవడం దేవుడి దయ అని ఒక నర్సు అన్నది. ఆమె మీద నాకు కోపం వచ్చింది. దేవుడి మీద కూడా వచ్చింది. అన్నిటికంటే ఎక్కువ నా మీద వచ్చింది. ఆయన మందు మత్తులో ఉన్నప్పుడు మంచం పక్కన కూర్చుని లెక్కపెట్టుకునేదాన్ని, శివరాత్రి నుంచి ఎన్ని రోజులు. ఆయనది చచ్చిన చెయ్యి. నాది బతికిన చెవి. ఆగిపోయిందని తెలిసినదాన్ని నేను. ఆయన అబద్ధం నన్ను పిచ్చిదాన్ని కాకుండా కాపాడింది. నా అబద్ధం ఆయన్ను ఎండలోకి పంపింది.

పోవడానికి మూడు రోజుల ముందు, మధ్యాహ్నంవేళ, కాస్త తెలివిలో ఉన్నాడు. రెండు ఇడ్లీలు తిన్నాడు. మంచం గోడ పక్కనే. నా వైపు తిరిగి, చెవి చూపించి, కనుబొమలు ఎగరేశాడు. ఇంకా ఉందా, అని.

నిజం చెప్పాలని అప్పటికే నిశ్చయించుకుని ఉన్నాను. చేసిన తప్పు దాచుకుంటే దిద్దుకోలేరని నా క్లాసులో ఎంతమందికి చెప్పి ఉంటాను. అరచెయ్యి చాపి, కిందికి అదిమాను. ఆగిపోయింది.

ఆయన కళ్లు కొంచెం పెద్దవయ్యాయి. "ఎప్పుడుమే?" అన్నాడు.

శివరాత్రికి, అనాలి. నా పెదవుల వంక చూస్తున్నాడు, చదువుకోవడానికి. బతికినన్నాళ్లూ నేను ఏదంటే అది చదువుకున్న మనిషి.

"ఇప్పుడే" అన్నాను.

ఆయన కుడి చేతికి సెలైన్ సూది ఉంది. ఎడమ చెయ్యి ఎత్తాడు. చాలా కష్టం మీద ఎత్తాడు. గోడ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆ చెయ్యి సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అయినా మగ్గం దగ్గర ఎంతసేపు ఉండేవాడో అంతసేపూ ఉన్నాడు.

"అవునుమే" అన్నాడు. "నిలిచిపోయింది."

నేను లేచి ఆ చేతి పక్కనే గోడ మీద నా చెయ్యి పెట్టాను. గోడ చల్లగా ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పాను.